మీటర్లు ముందా, అడుగులు ముందా

మా కొట్టు వెడల్పు ఆరడుగులు. అందులో ఎడమ సగం ఆయనది, కుడి సగం నాది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు, నేను వాటికి తోలు పట్టీలు కుడతాను. ఇరవై రెండేళ్లుగా ఒకే తాళం, ఒకే ఫ్యాను. మొగుడూ పెళ్లాలు కూడా అంత దగ్గరగా అన్నేళ్లు కూర్చోరని ఎదుటి కొట్టు కళ్లజోళ్లాయన ఎగతాళి చేసేవాడు. ఆయనకేం, కూర్చుంటే తెలుస్తుంది ఆ మనిషితో వేగడం ఏమిటో.

బజారులో అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. కుడి కంటికి నల్లటి గొట్టంలాంటి అద్దం తగిలించుకునే టీ తాగుతాడు, దాంతోనే పేపరు చదువుతాడు. ఒకసారి దాన్ని తియ్యడం మరిచిపోయి పంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాడు. అన్ని గడియారాలూ బాగుచేస్తాడు గానీ, సముద్రంలో దిగేవాళ్ల కోసం చేసే ఖరీదైన గడియారాలంటే ఆయనకు ప్రాణం. వాటిలో ఒక కంపెనీ ఒకే నమూనాను నలభై ఏళ్లుగా చేస్తోంది. మన కళ్లకు నలభై ఏళ్లూ అదే నల్ల డయలు, అవే తెల్ల చుక్కలు. ఆయన కంటికి మాత్రం ఏ రెండేళ్లవీ ఒకటి కావు. ఎంత లోతు దాకా నీళ్లు చొరబడవో డయలు మీద సన్నటి అక్షరాలతో రాస్తారు. తొలి రోజుల్లో మీటర్లు ముందు, అడుగులు తర్వాత రాశారట. కొన్నేళ్లకు అడుగులు ముందుకొచ్చాయి. చీకట్లో వెలిగే చుక్కలు పాతవాటిలో వెన్నరంగుకు తిరుగుతాయి, కొత్తవాటిలో తెల్లగానే ఉండిపోతాయి. ఒక ఏడు అక్షరాల కాళ్లు పొడుగు, ఇంకో ఏడు పొట్టి. ఇవన్నీ నాకెందుకయ్యా అంటే వినేవాడు కాదు. పట్టీ కుడుతున్నంతసేపూ చెవిలో జోరీగలా చెబుతూనే ఉండేవాడు.

పాత గడియారాలు సేకరించే పెద్దమనుషులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆయన అరనిమిషం చూసి, "దీని మొహం దీనిది కాదండీ, తర్వాత మార్చారు" అని తేల్చేసేవాడు. కోట్లు వేసుకున్న మగాళ్లు కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను అక్కడే చూశాను. వెనక మూత విప్పి లోపలి నంబరు కూడా చూడొచ్చు కదా అంటే, "మనిషి వయసు చెప్పడానికి కడుపు కోస్తామా? మొహం చూస్తే చాలదూ?" అనేవాడు. నిజం చెప్పాలి, ఎప్పుడూ ఆయన మాటే గెలిచేది. అలా గెలిచి గెలిచి, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకంగా తయారయ్యాడు.

ఆయనకు ఒక్క చెల్లెలు. తల్లి పోయాక జడ వెయ్యడం దగ్గర్నుంచీ అన్నీ తనే నేర్చుకుని పెంచాడు. ఆ పిల్ల ఒక ఈతగాణ్ణి చేసుకుంది. ఈతగాడంటే ఆటల పోటీలవాడు కాదు. రేవులో ఓడల కిందికి దిగి, పంకాలకు చుట్టుకున్న తాళ్లూ వలలూ కోసి తీసే పని. ఓ ఓడ కెప్టెను అతని పనితనానికి ముచ్చటపడి తన చేతి గడియారం విప్పి ఇచ్చేశాడు. ఈతగాడు దాన్ని తెచ్చి బావగారి ముందు పెట్టాడు. మా భూతద్దం దాన్ని వెలుగులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. మీటర్లు ముందున్న డయలు. చుక్కలు వెన్నరంగు.

"దీన్ని శుభ్రం చేసిస్తాను. కానీ బావా, ఒక్క మాట. డయలు జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వకు. పాడైనా సరే, మచ్చ పడినా సరే. డయలు మార్చావని తెలిస్తే నా గుమ్మం తొక్కనివ్వను" అన్నాడు.

"టైము సరిగ్గా చూపిస్తే చాలు బావగారూ, నాకు" అని ఈతగాడు నవ్వాడు. స్టీలు గొలుసు మీదే పెట్టుకున్నాడు. నీళ్ల మనిషికి నా తోలు పట్టీ ఏం పనికొస్తుంది.

పెళ్లయిన తొమ్మిదో ఏట, ఒకరోజు పొద్దున మొగుడూ పెళ్లాం గొడవపడ్డారు. ఆ పని మానెయ్యమని ఆమె, మానేస్తే తినేదేమిటని అతను. ఎప్పుడూ ఉండే గొడవే. "నీ మొహం చూడకుండా ఎక్కడికైనా పోతాను" అని సంచి తగిలించుకుని వెళ్లాడు. సాయంత్రానికి రాలేదు. వారానికీ రాలేదు. రేవులో అడిగితే ఆ రోజు పనికే రాలేదన్నారు. ఇంట్లో ఎనిమిదేళ్ల కూతురు రోజూ గుమ్మంలో కూర్చునేది.

ఇరవై మూడో రోజున పోలీసులు కబురు పెట్టారు. చాలా దూరాన ఒడ్డుకు ఒక శవం కొట్టుకొచ్చింది. ఆమె, అన్న, తోడుగా నేను, ముగ్గురం బస్సెక్కి వెళ్లాం. ఆ శవానికి మొహమంటూ మిగల్లేదు. ఒంటి మీద ఒక నిక్కరు, ఎడమ చేతికి గడియారం, అంతే. పొడుగు అతనిదే కావచ్చు, ఎవరిదైనా కావచ్చు. పోలీసాయన గడియారాన్ని కవరులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"అదే అనిపిస్తోంది అన్నయ్యా" అంది ఆమె.

ఆయన అద్దం కంటికి తగిలించుకున్నాడు. అరనిమిషం కూడా పట్టలేదు. ఆయన మొహం విప్పారింది.

"కాదమ్మా. ఇది కాదు. బావది మీటర్లు ముందు. ఇక్కడ చూడు, అడుగులు ముందు. చుక్కలు కూడా తెల్లగా ఉన్నాయి. ఇది పదేళ్ల తర్వాత చేసిన సరుకు. మన బావ కాదు."

"మార్చి ఉండొచ్చేమో అన్నయ్యా."

"నేను వద్దన్నాక మారుస్తాడా? నీకేం తెలుసు వీటి గురించి, ఊరుకో."

ఆమె ఊరుకుంది. పోలీసాయన కాగితం మీద 'కాదు' అని రాసుకుని ఆయనతో సంతకం పెట్టించుకున్నాడు. నేనూ తల ఊపాను. ఇది దాచిపెట్టి చెప్పే కథ కాదు కాబట్టి చెబుతున్నాను, నాకూ ఆ క్షణాన కడుపులో పాలు పోసినట్టే అయింది. తిరుగు బస్సులో ముగ్గురం కలిసి అరటిపళ్లు తిన్నాం. ఎవరో తెలియని శవమని మునిసిపాలిటీవాళ్లు దాన్ని పాతిపెట్టేశారు.

చనిపోలేదంటే బతికే ఉండాలి. బతికుండీ రాలేదంటే వదిలేసి పోయినట్టే. లోకం లెక్క అంతే కదా. ఏదో రేవులో ఎవర్నో కట్టుకున్నాడని ఒకరు, చూశామని ఇంకొకరు. నోరున్నవాడిదల్లా ఒక కథ. ఆమె మొదటి ఏడాది ఏడ్చింది. రెండో ఏడాది నుంచి తిట్టడం మొదలుపెట్టింది. హోటళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేసే లాండ్రీలో పనికి కుదిరింది. ఫోటోల్లోంచి అతని బొమ్మ కత్తిరించి పారేసింది. కూతురు ఎప్పుడైనా నాన్న అంటే, "నీకు నాన్న లేడు, మనల్ని వద్దనుకుని పోయిన మనిషి ఒకడున్నాడు" అనేది. ఆ పిల్ల కూడా అలాగే నేర్చుకుంది. కాలేజీలో చేరేటప్పుడు తండ్రి పేరు రాయమంటే గీత కొట్టేసింది. మా భూతద్దం కూడా తక్కువ తినలేదు, "నేను పెంచిన పిల్లని ఇలా చేస్తాడా, దొరికితే కాళ్లు విరగ్గొడతాను" అని పళ్లు నూరేవాడు. పదకొండేళ్లు ఇలాగే గడిచాయి.

మొన్న పాత గడియారాలు సేకరించే కుర్రాడొకడు ఆషామాషీగా వచ్చాడు. ఏదో వేలంలో కొన్నాడట, ఒక గడియారం చూపించి డయలు అసలుదేనా చెప్పమన్నాడు. ఆయన చూసి, "డయలు అసలుదేనండీ, అడుగులు ముందున్న కాలంది. కానీ అది కూర్చున్న ఈ స్టీలు డబ్బా మాత్రం అంతకంటే పాతది. వీటికి పొత్తు కుదరడం లేదు" అన్నాడు. కుర్రాడు ఒప్పుకోలేదు. మూత విప్పి నంబరు చూపించమని పట్టుబట్టాడు. ఆయన విసుక్కుంటూనే విప్పాడు.

వాళ్ల వృత్తిలో ఒక అలవాటుంది. గడియారం బాగుచేసినవాడు మూత లోపలి వైపు సూదితో తన గుర్తూ తేదీ గీస్తాడు. బయటివాళ్లకు కనపడదు, తర్వాత విప్పేవాడి కోసం అది. ఆయన గుర్తు ఒక చిన్న గొడుగు. మూత విప్పిన ఆయన కదలకుండా ఉండిపోవడం చూసి నేను సూది కింద పెట్టాను. ఆయన మూతను నా వైపు తిప్పి అద్దం నా చేతికిచ్చాడు. గొడుగు, దాని కింద తేదీ. ఈతగాడు గడియారం తెచ్చిన నెల. దాని కింద వేరే చేత్తో కంపెనీ సర్వీసు సెంటరు గుర్తూ, ఆరేళ్ల తర్వాతి తేదీ గీసి ఉన్నాయి.

ఆయన మూతను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. కుర్రాడి దగ్గర వేలం కాగితం తీసుకుని చదివాడు. ఆ రోజు శవం చేతికి దొరికి, వారసులు లేని వస్తువుగా పోలీసులు అమ్మిందే. మర్నాడు కొట్టు తియ్యకుండా సర్వీసు సెంటరుకు పోయాం. పాత రిజిస్టరులో ఈతగాడి పేరూ, ఇంటి నంబరూ ఉన్నాయి. నీళ్లు చేరి డయలు పాడైంది, కొత్తది వేశారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. అతను పోవడానికి ముందు నాలుగు నెలలూ మా కొట్టుకు వచ్చినప్పుడల్లా చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకునే ఉండేవాడు. నడి వేసవిలో. ఇదేమిటయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు. ఓడల కిందికి దిగడానికి భయపడని మనిషి ఈయన నోటికి భయపడ్డాడు. ఈయన మాటంటే అంత గౌరవమో, అంత హడలో, ఆ రోజు పనికి పోనివాడు నీళ్లలోకి ఎలా వెళ్లాడో, ఇక అడగడానికి అతనెక్కడున్నాడు.

"ఒక్కసారి డయలు వదిలి డబ్బా చూసి ఉంటే, మూత విప్పి ఉంటే" అన్నాడు బస్టాపులో. నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టాలనే ఉంది, చెడామడా. కానీ పడిపోయేలా ఉన్న మనిషిని ఏం తిడతాం. చెయ్యి పట్టుకుని లాండ్రీకి తీసుకెళ్లాను.

అక్కడ వేడికి మొహం మాడిపోతుంది. ఆమె పొడవాటి బల్ల దగ్గర దుప్పటి మడుస్తోంది. మమ్మల్ని చూసి, "ఇద్దరూ కలిసి వచ్చారేంటి, కొట్టు కూలిపోయిందా?" అంది నవ్వుతూ. ఆయన నిలబడే చెప్పాడు. గొడుగు గుర్తు, రిజిస్టరు, వేలం కాగితం, అన్నీ. మధ్యలో ఎక్కడా ఆపలేదు, తన తప్పును చిన్నదిగా కూడా చెప్పలేదు. "చంపినదాని కంటే ఎక్కువ చేశానమ్మా" అన్నాడు చివరికి.

ఆమె దుప్పటి కొస పట్టుకునే ఉంది.

"అంటే ఆ రోజు వెళ్లిపోలేదా?"

"లేదమ్మా."

"ఎవర్నీ చేసుకోలేదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె ఎక్కడ పాతిపెట్టారని అడిగింది. పొద్దునే ఫోను చేసి కనుక్కున్నామని నేనే చెప్పాను. అక్కడ ఇప్పుడు నేల చదును చేసి వేరే సమాధులు కట్టారనీ, చోటు చూపించగలిగేవాళ్లు లేరనీ చెప్పాను. ఆయన ఆమె కాళ్ల దగ్గర కూర్చోబోతే రెక్క పట్టుకుని లేపింది.

"నిన్ను తర్వాత తిడతాను అన్నయ్యా. నువ్వు బతికే ఉన్నావు కదా" అంది. "పదకొండేళ్లు లేస్తూనే ఆయన్ని తిట్టాను. నీళ్లలో చచ్చిపడున్న మనిషిని."

నేను ఏడ్చేశాను. పక్క బల్ల ఆవిడ ఇస్త్రీ పెట్టె ఆపి మా వైపు చూస్తోంది. ఆమె మాత్రం ఏడవలేదు, గోడ మీద గడియారం చూసుకుంది.

"ఇంకో గంటలో పిల్ల కాలేజీ నుంచి వస్తుంది. వాళ్ల నాన్నని తలుచుకోవద్దని దానికి నేర్పింది నేనే. ఇప్పుడు తలుపు తీసి దానికి నేనేం చెప్పను?"