పట్టుకొని అప్పగించవలసిందిగా

నబీ సాహెబ్ రోజుకు ఐదుసార్లు మైకు ముట్టుకుంటాడు. ఊళ్లో ఏదైనా తప్పిపోతే ఆరోసారి ముట్టుకుంటాడు. శ్రావణంలో ఒక బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు అట్లా ఆరోసారి ముట్టుకున్నాడు. ఆ రోజు తప్పిపోయింది మేక కాదు.

కోయిలకుంట్లకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, నల్లరేగడి చేల నడుమ ఉంటుంది ఆ ఊరు. గుడికీ ఒక మైకు ఉంది గానీ అది పండగలకే బయటికి వస్తుంది. మసీదు మైకు మాత్రం నాలుగు దిక్కులకు నాలుగు గొట్టాలు పెట్టుకుని ఏడాది పొడుగునా సిద్ధంగా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా అజాన్ ఇచ్చేది, ఊడ్చేది, తాళాలు చూసుకునేది నబీ సాహెబే. పశువుల డాక్టరు సూదులు వేయడానికి వచ్చినా, కుళాయి నీళ్లు రావని పంచాయతీ కబురు పెట్టినా, ఎవరి గొర్రె మందలోంచి తప్పినా, ఊరంతా ఆయన దగ్గరికే వస్తుంది. మైకులో చెప్పించాలని ఎవరూ అనరు. "సాయిబుకు చెప్పొస్తా" అంటారు. ఆ ఊళ్లో సాయిబుకు చెప్పడమంటే ఊరికి చెప్పడమే.

దాని మీద ఆయనకు కొంచెం గర్వం ఉండేది. తప్పిపోయిన జీవాలకు ఒక వరస కట్టుకున్నాడు. ముందు అది ఎవరిదో చెప్పాలి. తర్వాత గుర్తులు: రంగు, కొమ్ములు, చెవి కోత, నడక. చివర "కనపడినవారు పట్టుకొని ఫలానావారికి అప్పగించవలసిందిగా కోరడమైనది." చదివింది ఏడో తరగతి. "కోరడమైనది" అన్న మాట తహసీల్దారు ఆఫీసు గోడ మీది నోటీసులో చూసి నేర్చుకున్నాడు.

ఆ బుధవారం రాఘవేంద్రప్రసాద్ వచ్చి మసీదు గేటు బయటే నిలబడ్డాడు. బట్టల అంగడి నాగేశ్వరయ్య శెట్టి కొడుకు, యాభై దాటినవాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మామా, నాయన కనపళ్లేదు. ఎనిమిదింటికే ఇంట్లోంచి పోయినాడంట. నీకు చెప్దామని వచ్చినా."

"యాడికి పోయింటాడు?"

"ఏమో మామా. ఈ మధ్య అన్నీ మర్సిపోతాండాడు గదా. మొన్న మన వీధిలోనే నిలబడి ఇల్లు యాడని అడిగినాడు. నువ్వయితే..."

నువ్వయితే ఆయన పోయే చోట్లు ఎరుగుదువు, చప్పుడు లేకుండా వచ్చి వెతుకు అనేది ఆ మాటలో మిగిలిన సగం. అది నిజం కూడా. మసీదు పని దొరక్కముందు పద్దెనిమిదేళ్లు నబీ సాహెబ్ శెట్టి అంగడి పంచలోనే కుట్టుమిషన్ తొక్కాడు. శెట్టి ఏ పూట ఎక్కడుంటాడో, ఏం తొడుక్కుంటాడో ఇంట్లోవాళ్ల కంటే ఆయనకే ఎక్కువ తెలుసు. కానీ మిగిలిన సగం వినకుండానే ఆయన లోపలికి తిరిగాడు. టోపీ పెట్టుకుని, చెప్పులేసుకుని వస్తాడని ప్రసాద్ గేటు దగ్గరే కాచుకున్నాడు. ముందు గొట్టంలో గరగర, వెనకే గొంతు వినిపించాయి.

"గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. బట్టల అంగడి నాగేశ్వరయ్య శెట్టిగారు తప్పిపోయినారు. గుర్తులు: తెల్ల పంచె, నీలం చారల చొక్కా, బట్టతల, ఎడమ కాలు కొంచెం ఈడుస్తారు. మతి నిలకడగా లేదు. కనపడినవారు పట్టుకొని బట్టల అంగడి కాడ అప్పగించవలసిందిగా కోరడమైనది."

ఎప్పటిలాగే రెండుసార్లు చదివాడు. బయటికి వచ్చేసరికి ప్రసాద్ ముఖం పాలిపోయి ఉంది.

"ఏం పని చేసినావు మామా! నిన్ను రమ్మందామని వస్తే, మైకులో వేస్తావా?"

శెట్టి తప్పిపోలేదు. నూరు గజాల అవతల ఓబుళేశు క్షవరం షాపులో కుర్చీలో కూర్చుని గడ్డం చేయించుకుంటున్నాడు. ఒక చెంప అయింది. రెండో చెంపకు సబ్బు నురగ పట్టించి ఓబుళేశు కత్తి ఎత్తేసరికి పైన గొట్టం మోగింది. మొదటిసారి చెప్పినప్పుడు ఇద్దరూ కదలకుండా విన్నారు. రెండోసారి పూర్తికాకముందే ట్రాక్టరు మీద పోతున్న నవీన్, ఇంకొకడు దూకి లోపలికి వచ్చారు. చెరొక రెక్క పట్టుకున్నారు.

"అయిపోనీయండ్రా, సగం గడ్డం మిగిలింది" అన్నాడు ఓబుళేశు. ఎవరూ వినలేదు.

సబ్బు నురగతోనే శెట్టిని వీధి వెంట నడిపించుకొచ్చారు. ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు. "శెట్టి దొరికినాడప్పా, తోలుకొస్తాండాం!" అని నవీన్ కేక పెట్టాడు. వాడి మనసులో చెడ్డ లేదు. మైకు చెప్పిన పని చేస్తున్నాననే అనుకున్నాడు.

నబీ సాహెబ్ అంగడి దగ్గరికి చేరేసరికి వాళ్లూ వచ్చారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఊళ్లో సగం పెళ్లిళ్లకు బట్టలు చింపి ఇచ్చినవాడు, రెండు రెక్కలూ విదిలించుకుని నిలబడ్డాడు. నబీ సాహెబ్‌ను చూశాడు. ఆ పూట ఆయన మతి నిక్షేపంగా ఉంది.

"అన్నీ చెప్పినావు గానీ సాయిబూ, నా కొమ్ములు యా రకమో చెప్పలేదేమప్పా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. శెట్టి లోపలికి పోయాడు. ఆ తర్వాత వీధిలోకి రాలేదు.

నబీ సాహెబ్‌కు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వస్తే భార్య చాంద్ బేగం అన్నం పెట్టింది గానీ ఊరుకోలేదు. "పద్దెనిమిదేండ్లు ఆయన పంచన కూసోని బతికితివి. పిల్లకు పేరు పెట్టే రోజు బట్టలు ఎవరు పంపిరి? ఆ మనిషిని మేకపోతును చేస్తివే!"

"నేను కావాలని చెప్పినానా?"

"కావాలని చెప్పింటే ఒక తీరు. అలవాటుగా చెప్పినావు సూడు, అదే పాపం."

మరునాడు, తప్పు మైకులోనే జరిగింది కాబట్టి మైకులోనే దిద్దుకుంటానన్నాడు ఆయన. చాంద్ బేగం చెయ్యి అడ్డం పెట్టింది. "ఏమని చెప్తావు? శెట్టికి మతి నిలకడగానే ఉండాదని చెప్తావా? నిన్న చేలో ఉండి విననోళ్లు కూడా ఈపొద్దు వింటారు." ఆ ఆలోచన అంతటితో ఆగింది.

మూడో రోజు కూతురు శిరీన్ ఫోనులో మాటలు రికార్డు చేసి ప్రసాద్‌కు పంపింది. "శెట్టీ, నేను నబీని. తప్పయిపోయింది. మతి లేదని నేననకుండా ఉండాల్సింది" అని నబీ సాహెబ్ గొంతు. పండగ బేరాల కాలం, అంగడి నిండా జనం. ప్రసాద్ చీర మడత విప్పుతూ ఒక చేత్తో ఫోను నొక్కాడు. అది గట్టిగా మోగింది. చీరలు చూస్తున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆపడానికి ప్రసాద్ చెయ్యి ఖాళీ చేసుకునేలోపల మాట పూర్తయింది. శెట్టి లోపలి గదిలో ఉన్నాడు. ఆ గదికీ అంగడికీ మధ్య ఉండేది గుడ్డ తెరే.

ఆరో రోజు నబీ సాహెబ్ ఓబుళేశుతో కబురు పంపాడు. ఇప్పుడు ఓబుళేశే శెట్టి ఇంటికి వెళ్లి గడ్డం చేసి వస్తున్నాడు. తిరిగొచ్చాక అడిగాడు.

"చెప్పినావా?"

"చెప్పినా. సాయిబు శానా బాధపడ్తాండాడు, నీకు మతి పోయిన సంగతి బయట చెప్పకూడదని తెలీక చెప్పినాడంట అన్నా."

"అట్లనా నేను చెప్పమనింది?"

"అర్థం అదే గదప్పా!"

మైకు, ఫోను, మనిషి, మూడూ అయిపోయాయి. మూడింటినీ ఎందుకు పట్టుకున్నాడో నబీ సాహెబ్‌కు లోపల తెలుసు. శెట్టి ముఖం చూడకుండా క్షమాపణ చేరిపోవాలి. ఇంటి నుంచి అంగడి మీదుగా మసీదుకు రెండు నిమిషాలు. ఆ వారమంతా ఆయన చింతచెట్ల సందు తిరిగి పది నిమిషాలు నడిచి పోయాడు. భీమమ్మ దూడ తప్పిపోయిందని వస్తే "పట్టుకొని" అనే మాట దాకా వచ్చి ఆగాడు. "కనపడితే భీమమ్మకు చెప్పండి" అని ముగించి మైకు కట్టేశాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం, అసర్ నమాజు అయ్యాక, అంగడి వీధిలోనే నడిచి వెళ్లాడు. శెట్టి భార్య నాగరత్నమ్మ తలుపు తీసింది.

"ఇప్పటికి దావ తెలిసిందా సాయిబూ? నాలుగు రోజులు నువ్వొస్తావని సూసినాడు. ఇప్పుడు ఎట్లుంటాడో నేను చెప్పలేను."

శెట్టి మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఎవరూ? నబీనా? మిషన్ యాడ పెట్టినావు?" అన్నాడు. మతి ఆ పూట ఇరవై ఏళ్ల వెనక ఉంది.

"శెట్టీ, తప్పయిపోయింది. మాపు చెయ్యి."

"ఏం తప్పప్పా?"

అక్కడే ఆగిపోవచ్చు. మర్చిపోయిన మనిషికి ఏదో ఒకటి చెప్పి, మంచినీళ్లు తాగి లేచి రావచ్చు. నబీ సాహెబ్‌కు ఆ ఆశ కలిగిన మాట నిజం. నాగరత్నమ్మ గోడకు ఆనుకుని చూస్తోంది. ఆయన తల వంచుకుని మొత్తం చెప్పాడు. తెల్ల పంచె, బట్టతల, కాలు ఈడ్చడం, మతి, పట్టుకొని అప్పగించడం. ఊరంతటికీ రెండుసార్లు అరిచి చెప్పిన మాటలే. ఒక్క మనిషికి, మూరెడు దూరంలో చెప్పడానికి మాటమాటకీ ఆగి మళ్లీ ఎత్తుకున్నాడు.

శెట్టి చివరిదాకా విన్నాడు. "అట్ల చెప్పకూడదప్పా" అన్నాడు. "జీవాలకు చెప్తారు అట్ల."

మరునాడు నబీ సాహెబ్ మళ్లీ వెళ్లేసరికి శెట్టి అదీ మర్చిపోయాడు. ఒక్కటి మాత్రం పోలేదు. "గడప కాడికి వస్తాడు, నిలబడతాడు, ఎనక్కి తిరుగుతాడు" అంది నాగరత్నమ్మ. "ఎందుకు తిరుగుతాండాడో ఆయనకే తెలీదు." శెట్టి కూడా అదే అడిగాడు. "నేను వీధిలోకి ఎందుకు పోలేకున్నా నబీ? ఏమో అయిందప్పా. ఏమైంది?" నబీ సాహెబ్ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. మూడో రోజూ చెప్పాడు. నాలుగో రోజు ప్రసాద్ అంగడి మెట్టు మీద అడ్డం నిలబడ్డాడు.

"ఆయన మర్సిపోతే నువ్వెందుకు మామా రోజూ గుర్తు చేస్తావు? నీ మనసు తేలిక చేసుకునేదానికి మా నాయన కావాల్నా?"

నబీ సాహెబ్ మెట్టు దిగాడు. వెనక్కి వచ్చేశాడు. రెండు రోజులు పోలేదు. ప్రసాద్ అన్నది నిజమేమోనన్న సిగ్గు మొదటి సిగ్గు మీద పడింది.

మూడో రోజు నాగరత్నమ్మే మసీదు గేటు దగ్గరికి వచ్చింది. "నువ్వు చెప్పిన రోజు గడప దాకా వస్తాడు. చెప్పని రోజు మంచం దిగడు. తనకేదో రోగం వచ్చింది, అందుకే దాచినారు అనుకుంటాడు. మా ప్రసాద్‌కు నేను చెప్పినాలే. ఇంగ నీ ఇష్టం" అని నిలబడకుండా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నబీ సాహెబ్ మళ్లీ మొత్తం చెప్పాడు. శెట్టి విని పంచె అంచు నలిపాడు.

"ఊరంతా విన్నారా?"

"విన్నారు."

"నవ్వినారా?"

"కొందరు నవ్వినారు."

"అయితే అదన్నమాట. నాకేమో అయిందనుకున్నా." శెట్టి లేచాడు. "పా, ఓబుళేశు కాడికి పోదాం."

గడప దగ్గర నబీ సాహెబ్ చెయ్యి అందించబోయాడు. శెట్టి ఆ చేతి వంక చూశాడు. నబీ సాహెబ్ చెయ్యి వెనక్కి తీసుకుని, రెండడుగులు ఎడంగా నిలబడ్డాడు. శెట్టి మెట్టు దిగాడు. ఎదురింటి అరుగు మీద కూర్చున్నవాళ్లు మాటలు ఆపారు. ఎవరూ పలకరించలేదు, ఎవరూ నవ్వలేదు. శెట్టి ఎడమ కాలు ఈడుస్తూ నడిచాడు. వెనక నబీ సాహెబ్ నేల చూస్తూ, అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. సందు మలుపులో ట్రాక్టరు హారను మోగితే శెట్టి ఉలిక్కిపడి ఇంటివైపు తిరిగాడు.

అంగడి నుంచి ఓబుళేశు షాపుకు రెండు వందల పది అడుగులు. ఆ రోజు అరవై రెండు నడిచారు. మరునాడు నబీ సాహెబ్ మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు నడిచింది యాభై ఎనిమిదే.