రంపం మిషను ఎవరి చేతికి

మా మగ్గం గది రేకుల మీదికి వేపకొమ్మ ఒకటి వంగింది. గాలి వీచినప్పుడల్లా అది రేకుల్ని గీరుతుంటే, లోపల సగం నేసిన పట్టుచీరను చూసుకుని రేకు ఎక్కడ విరిగిపడుతుందోనని భయపడేదాన్ని. ధర్మవరంలో చెట్లు కొట్టేవాళ్లు రేపు మాపు అని తిప్పుకున్నారు. ఏటా ఉండే పనే కదా, రంపం మిషను ఒకటి కొని పెట్టుకుందామని మా ఆయనా నేనూ హిందూపురం బస్సెక్కాం.

అంగడాయన రెండు రకాలు చూపించాడు. పెట్రోలుది పెద్దది, తాడు లాగి స్టార్టు చేయాలి. బ్యాటరీది చిన్నది.

“ఎప్పుడో ఒకసారి కొమ్మలు కొట్టేదానికి బ్యాటరీది సాలప్పా. పెట్రోలుది వాడకుండా పెడితే మొరాయిస్తాది” అన్నాడు.

మా ఆయనకు పెద్దదాని మీదే మనసు. మగవాడు కొనే మిషను వీధంతా వినిపించాలి మరి!

పట్టు ఎలా ఉందో తెలియాలంటే పోగు మీద వేలు జార్చి చూడటం ఆయనకు చిన్ననాటి అలవాటు. ఆ అలవాటుకొద్దీ మిషను గొలుసు పళ్ల మీద కూడా చూపుడువేలు జార్చాడు. మిషను ఆగే ఉంది, కానీ కొత్త పళ్లు. చర్మం లేచి నెత్తురు వచ్చింది. నేను గబగబా కొంగు చుట్టాను.

“ఇంగ మగ్గం యాడ పట్టేది? ఈ వేలు తగిలితే సాలు, పోగు తెగుతాది” అన్నాడు. ముఖం పాలిపోయింది. వేలికొస గరుకైతే పట్టుపోగు దానికి తగులుకుంటుంది. నాకూ భయమేసింది.

అంగడాయన కూడా కంగారుపడ్డాడు. “నేసే చేతులప్పా, నీకెందుకీ పని? కొమ్మలు అక్క కోస్తాదిలే. బ్యాటరీది తేలిక.”

“అదీ నిజమే. చిన్నదే ఇయ్యి. మా ఆమె కోసుకుంటాది” అన్నాడు మా ఆయన, బరువు దించుకున్నట్టు.

నాకు ఒళ్లు మండింది. మగ్గం మీదికి నిలువు పోగుల కొత్త వార్పు వచ్చినప్పుడల్లా, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను మెలిపెట్టి వేలాది పోగులు అతికేది నేను. ఆ ఇద్దరు మగవాళ్లలో ఒక్కరికీ అది తట్టలేదు. పరాయివాడి ముందు గొడవెందుకని మిషను పెట్టె అందుకున్నాను.

తిరుగు బస్సులో పెట్టె నా ఒళ్లోనే ఉంది. పెనుకొండ దాటేవరకు ఆయన కట్టు కట్టిన వేలినే చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు.

“జాగ్రత్తగా కొయ్యి మే. నీ వేళ్లకు ఏమన్నా అయితే వచ్చే వార్పు ఎవరు అతుకుతారు?”

అంతవరకు నా వేళ్లు ఆయనకు గుర్తే లేవని బాధపడ్డాను. గుర్తొచ్చాక ఇంకా ఎక్కువ బాధేసింది.