బోరింగు వేసిన చోటు

మణుగూరు వైపు అడవి అంచు ఊళ్లలో మాకొక చిన్న పార్టీ ఉండేది. ఏ పనైనా జనాన్ని అడిగే చేయాలి, సభ పిలిచినవాడు అందరికన్నా చివర మాట్లాడాలి. అదే మా నియమం. సైకిళ్ల మీద గూడెం గూడెం తిరిగేవాళ్లం. వేసవిలో సభ ఎక్కడ పెట్టినా ఇప్పపూల వాసన. చివరికి ఒకే ఒక్క పంచాయతీ గెలిచాం. సర్పంచిని నేనే.

ఊరికి ఒక బోరింగు మంజూరైంది. అది మా గేటు ముందు పడాలని నా కోరిక. భూములన్నీ పోయాక, నాన్నగారి ఇంటికి ఆ పాటి మర్యాదైనా మిగలాలనుకున్నాను. సభలో నా వంతు కోసం నిటారుగా కూర్చున్నాను.

గూడెం నుంచి వచ్చిన ఒకామె చంటిదాన్ని సంకనెత్తుకొని లేచింది.

"నీ గేటు కాడ వద్దు దొరా. ఆడ చెప్పులిడిచి చేతిల పట్టుకొని నడవాలె. ఒక చెయ్యి బిందెకాయె, ఇంకో చెయ్యి పిల్లకాయె. చెప్పులు నోట్ల పట్టుకోవాల్నా?"

అందరూ గొల్లుమన్నారు.

"ఇప్పుడు చెప్పులు ఎవరు ఇడవమంటున్నరు?" అన్నాను, నా వంతు రాకుండానే.

"ఇడవొద్దని ఎవలు చెప్పిండ్రు?" అందామె.

నా వంతు వచ్చినప్పుడు, గూడెంలోనే వేయిద్దామని మాత్రం అన్నాను.

పార్టీ ఎన్నాళ్లో నిలవలేదు. ఆ మరుసటి ఎండాకాలం మా బావి ఎండిపోతే, బిందె పట్టుకొని నేనే గూడేనికి వెళ్లాను. బోరింగు గద్దె ఎక్కే ముందు చెప్పులు విప్పబోయాను. నీళ్లు కొడుతున్నది ఆనాడు సభలో లేచినామే. కేకేసింది.

"ఉండనీ దొరా, కాళ్లు కాల్తయ్!"