దేవ్లా ఇంటి స్లాబు

వ్యాన్ పూర్తిగా ఆగకముందే మరియ దిగేసింది. ఖమ్మం సభలో ఇచ్చిన పసుపురంగు హెల్మెట్‌ను ఇసుక కుప్ప మీద పడేసి, దేవ్లా ఇంటికి ఆనించిన వెదురు నిచ్చెన గబగబా ఎక్కింది. తల స్లాబు అంచు దాటగానే ఆగిపోయింది.

స్లాబు మీద నీళ్లు లేవు. వెళ్లేముందు గడులు గడులుగా గట్లు కట్టి, గడి నిండా నీళ్లు నింపి వెళ్లారు. ఇప్పుడు ప్రతి గట్టుకూ ఎవరో పారతో శుభ్రంగా గండి కొట్టారు. వైశాఖపు ఎండకు స్లాబు సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంది. నడిమధ్యలో తలవెంట్రుకంత సన్నటి పగులు కనిపించింది. దాని పక్కనే ఇంకొకటి.

"ఏమైందక్కా?" కింద నుంచి బాలి అడిగింది. బాలి దేవ్లా కోడలు. మరియ నడిపే ఆడ మేస్త్రిల జట్టులో ఆమె కూడా ఉంది.

జవాబు దేవ్లా దగ్గర నుంచి వచ్చింది. ముసలాయన చుట్ట నోట్లోంచి తీసి నవ్వుతూ చెప్పాడు. "నీళ్లు నేనే తీసిన. రేపు ఇంజనీర్ సారొస్తడన్నరు కదా."

"ఎందుకు తీసినవ్ తాతా?" మరియ నిచ్చెన మీద నుంచే అడిగింది.

"ఎందుకేంది? కోతకు ముందు పొలంల నీళ్లు తియ్యమా? తియ్యకుంటే చేను అడ్డం పడ్తది. తడి మీద కింద ఊతం పెట్టిన గీ కట్టెలు గుంజితే కప్పు నిలుస్తదా? మంచిగ ఆరబెట్టిన."

"గది వరి గాదు మామా!" బాలి నెత్తి కొట్టుకుంది. "సిమెంటు తాగినన్ని దినాలు నీళ్లు తాపాలె. చెప్పి పోయినం గదా!"

"తాపిన. చాలనిపించింది. ఆపిన."

యాభై ఏళ్లు వరి పండించినవాడు. నీళ్లు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో తనకు ఒకరు చెప్పాలని అతనికి తోచలేదు. మరియ నిచ్చెన దిగి గోడకు ఆనుకుని కూర్చుంది.

మరియది ఏన్కూరు పక్క పల్లె. మిరప తోటల్లో కాయలు ఏరుతూ పెరిగింది. ఆదామును చేసుకుని ఇల్లందు వచ్చింది. అతను లారీలకు బొగ్గు ఎత్తేవాడు. నడుము పడిపోయాక ఇంటి ముందు సైకిళ్లకు పంక్చర్లు వేస్తున్నాడు. కిరాయి గదుల్లో పదిహేనేళ్లు గడిచాయి. చుట్టాలు వస్తే నీళ్లు ఎక్కువ వాడారని ఓనరమ్మ గొడవ, పిల్లలు గోడ మీద గీస్తే గొడవ. ఆ తర్వాత ఊరి బయట అడవి మొదలయ్యే చోట ప్రభుత్వ కాలనీలో ఆమె పేరు మీద ఇల్లు వచ్చింది.

ఇల్లు వచ్చింది కానీ పని రాలేదు. టౌనుకు పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. కూలి అడ్డా మీదికి చేరేసరికి మేస్త్రిలు మనుషులను ఎంచుకుని వెళ్లిపోయేవాళ్లు. ఏడాది తిరగకుండానే చాలామంది ఇళ్లకు తాళాలు వేసి మళ్లీ కిరాయి గదులకు వెళ్లిపోయారు. అట్లా తాళం పడిన ఒక ఇంటిని అడిగి తీసుకుని, ఫరహా అక్కడ పసిపిల్లల్ని చూసుకునే బడి తెరిచింది.

ఫరహా కొత్తగూడెం బట్టల వ్యాపారి కూతురు. కాలనీ వాళ్లు తమ కాళ్ల మీద నిలబడేలా చూడమని ఒక స్వచ్ఛంద సంస్థ ఆమెను పంపింది. మోపెడ్ మీద వచ్చేది. బ్యాంకులో ఖాతాలు తెరిపించింది, జ్వరాలొస్తే దవాఖానాకు తీసుకెళ్లింది, అందరితో తిట్లూ తింది. కాలనీలో కట్టాల్సిన ఇళ్ల వరుసలు ఇంకా ఉన్నాయి. వాటిని బయటివాళ్లు ఎందుకు కట్టాలని ఒకనాడు అడిగింది. ఇల్లందులో పేరున్న ముసలి మేస్త్రి అహ్మద్ పాషాను బతిమాలి, ఆడవాళ్లకు తాపీపని నేర్పించడానికి తీసుకొచ్చింది.

పాషా నేర్పే తీరు ఒకటే. గోడ కట్టించేవాడు, చూసేవాడు, కాలితో తన్ని పడగొట్టేవాడు. సగం మంది మానేశారు. మరియ మానలేదు. నెల తిరిగేసరికి కనబడిన ప్రతి గోడ పక్కనా తూకం గుండు వేలాడదీసి ఒంటికన్నుతో చూడటం మొదలుపెట్టింది. "నా నడుం గూడ గుండు పెట్టి చూస్తదిరా ఇది. వంకరుందని పడగొడ్తదేమో," అని ఆదాము పంక్చర్ కోసం వచ్చినవాళ్లతో అనేవాడు.

మొదటి వరుసలో దేవ్లాకు వచ్చిన ఇంటి స్లాబు జట్టు సొంతంగా పోసిన మొదటి స్లాబు. అది పాసైతే తర్వాతి వరుస వీళ్లకే అని ఇంజనీర్ మాటిచ్చాడు. కాకుంటే టౌన్ కాంట్రాక్టర్ మనుషులు తయారుగా ఉన్నారు. "ఆడోళ్లు పోసిన కప్పు కింద ఆడోళ్లే పండాలె," అని వాళ్లు స్లాబు పోసిన రోజే నవ్వారు. సరిగ్గా ఈ సమయంలోనే సంస్థ పెద్దలకు చూపించడానికని ఫరహా జట్టు మొత్తాన్ని ఖమ్మం సభకు తీసుకెళ్లింది. నీళ్ల బాధ్యత దేవ్లాకు అప్పగించారు.

కబురు పెడితే పాషా వచ్చాడు. సుత్తితో అక్కడక్కడా తట్టి చెవి పెట్టి విన్నాడు.

"పైపొర పగిలింది బేటీ. లోపలికి దిగిందో లేదో ఇయ్యాల నేను చెప్పలేను. మళ్ల నీళ్లు నిలుపు. కట్టెలు మాత్రం జల్దీ తియ్యనియ్యకు."

"సిమెంటు పాలు పూస్తే కనపడదక్కా," బాలి గొంతు తగ్గించి అంది.

ఫరహా నేల చూస్తూ అంది. "మరియక్కా, రేపొక్క రోజు గడిస్తే... తర్వాత మనం చూసుకోవచ్చు."

గట్లు మళ్లీ కట్టి, చీకటి పడేలోగా బోరింగ్ నుంచి బిందెలతో నీళ్లు మోసి నింపారు. నీళ్లు నిండాక పగుళ్లు కనబడలేదు. మరియకు దాచాలనుకోకుండానే దాచేసినట్టయింది.

పొద్దున ఇంజనీర్ వచ్చాడు. నిచ్చెన ఎక్కి చూసి తలూపాడు. "నీళ్లు నిలిపి క్యూరింగ్ బాగా చేస్తున్నారమ్మా. రెండో వరుసకు ముగ్గు పోయిద్దాం."

బాలి మరియ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. బాలి చిన్నకొడుకు నీడ కోసం అప్పటికే స్లాబు కిందికి వచ్చి, ఊతకట్టెల మధ్య మట్టిలో ఆడుకుంటున్నాడు. మరియ వాడిని చూసింది.

"సార్, నీళ్ల కింద పగుళ్లున్నయ్."

"ఏందమ్మా?"

"మేం లేనప్పుడు ఆరిపోయింది. నిన్న మళ్ల నింపినం."

ఫరహా ముఖం పాలిపోయింది. ఇంజనీర్ ఒక గడి ఖాళీ చేయించి, వంగి, వేలితో గీత వెంబడి చూశాడు.

"ముందే చెప్పాలి కదా! నేను ఎక్కకముందు చెప్పాలి." అతని గొంతులో కోపం ఉంది. "ఊతకట్టెలు నేను చెప్పేదాకా ఒక్కటి కూడా కదలొద్దు. వానలొస్తున్నాయి, రెండో వరుస ఆపలేను. దాన్ని కాంట్రాక్టర్‌కు ఇస్తున్నా. ఇది నిలిస్తే మూడో వరుస సంగతి చూద్దాం."

ఆ తర్వాతి రోజులు మరియకు తిండి సయించలేదు. పక్క వరుసలో కాంట్రాక్టర్ గోడలు లేస్తుంటే, జట్టులోని ఆడవాళ్లు వాటికే ఇటుకలు మోయడానికి కూలికి వెళ్లారు. "సత్యం చెప్పి గంప నెత్తిన పెట్టింది మా లీడరమ్మ," అని ఒకామె ఆమెకు వినబడేటట్టే అంది. బాలి కొన్నాళ్లు మాట్లాడలేదు. తొలకరి పడింది. దేవ్లా కుటుంబం టార్పాలిన్ పట్టా కప్పిన గుడిసెలో తడిసింది.

దేవ్లా మాత్రం స్లాబును వదల్లేదు. వాన లేని రోజు తానే బిందెలు ఎత్తించేవాడు. నీళ్లకు వచ్చిన కాకులను కర్రతో తోలేవాడు. "సారు ఆపమన్నా ఆపను, మరియమ్మ చెప్పాలె," అనేవాడు.

ఇంజనీర్ కట్టెలు తీయమన్న రోజు కాలనీ అంతా మూగింది. పాషా దగ్గర ఒక నియమం ఉంది. స్లాబు పోసిన మేస్త్రే కింద నిలబడి చివరి కట్టె తీయాలి. చుట్టూ ఉన్నవి ఒక్కొక్కటిగా తీశారు. పగులు కింద ఉన్న కట్టె మిగిలింది. ఆదాము గడప దగ్గర నుంచి, "మెల్లగనే," అన్నాడు.

మరియ కట్టెకు సుత్తి దెబ్బ వేసింది. కదల్లేదు. మళ్లీ వేసింది. కట్టె పక్కకు ఒరిగింది. స్లాబు అడుగున ఆ కట్టె పట్టి ఉంచిన ఇనుప పలక ఊడి, సిమెంటు పొట్టు రాలి ఆమె జుట్టు మీద పడింది. ఎవరో కెవ్వుమన్నారు.

పైన ఏమీ కదల్లేదు.

ఇంజనీర్ టార్చి వేసి అడుగంతా చూశాడు. కింద పగులు లేదు. "వానకు కూడా చూడాలి. కారకపోతే మూడో వరుస మీదే," అని వెళ్లిపోయాడు.

వాన మర్నాడు మధ్యాహ్నమే వచ్చింది. అడవి వైపు నుంచి మోతతో వచ్చి విరుచుకుపడింది. మరియ కొంగు కప్పుకుని దేవ్లా ఇంటికి పరుగెత్తింది. లోపల దేవ్లా గోడవారన చుట్ట కాలుస్తున్నాడు, బాలి జొన్నరొట్టెలు చేస్తోంది. ఆమె పళ్లెంలో రొట్టె, పచ్చడి వేసి మరియ చేతిలో పెట్టింది.

"కూసో," అంది బాలి, మరియ వైపు చూడకుండా. "తిను."

మరియ పళ్లెం పట్టుకుని గది మధ్యకు వెళ్లింది. ఆ రెండు పగుళ్లకు సరిగ్గా కింద కూర్చుంది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటూ పైకి చూసింది. వాన ఇంకా పెరిగింది.

"పళ్లెం చూసి తిను బిడ్డా," అన్నాడు దేవ్లా. "నేనున్న గదా, కప్పు నేను చూస్త."

ఆమె తల దించలేదు. వాన వెలిసేదాకా ఆ చోటు నుంచి లేవలేదు. పళ్లెంలో చుక్క పడలేదు.