మా మామ ముక్కుకు తగిలిన పొగ

మొన్న హైదరాబాదులో ఒక స్నేహితుడి ఇంట్లో స్కాచ్ సీసా మూత తీశారు. గ్లాసు నా చేతికి రాకముందే వాసన వచ్చింది. ముందు ఎండుద్రాక్ష, ఆ వెనకే సన్నగా పొగ. నాకు మా మామ గుర్తొచ్చి నవ్వు ఆగలేదు, ఆ మాటే పైకి అన్నాను. "ఆయనా బాగా పుచ్చుకునేవాడా?" అన్నాడు స్నేహితుడు. పుచ్చుకోవడమా! సోడా తాగినా నోరు పుక్కిలించుకునే మనిషి మా మామ.

ఆయనది నంద్యాలలో నెయ్యంగడి. పల్లెల నుంచి డబ్బాలు దిగితే మూత తీసి, చేతి వెనక ఒక చుక్క రాసుకుని, రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఆవుదో బర్రెదో సరే, వెన్న ఎన్నాళ్లు నిలవ పెట్టారో, కాచేటప్పుడు ఆ ఇంటామె ధ్యాస ఎటు పోయిందో కూడా చెప్పేవాడు. నన్ను అల్లుడిగా ఒప్పుకునే ముందు నాకు తెలియకుండా నా వాసన కూడా చూసే ఉంటాడని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. లోకమంతా మూతికి గుడ్డ కట్టుకున్న ఆ ఏడు ఆయనకూ జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, దాంతోపాటు వాసనా పోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నెలలు గడిచినా రాలేదు. ఒకసారి ఒక పెండ్లివాళ్లు డబ్బాలు వెనక్కి తెచ్చి, నెయ్యి కనరు వాసన కొడుతోందని అందరి ముందూ అన్నారు. మామ డబ్బాలు తీసుకుని, సొమ్ము తిరిగి ఇచ్చేశాడు. కొన్నాళ్లకు బనగానపల్లె వ్యాపారి ఒకాయనకు అంగడి అప్పగిస్తానని మాట ఇచ్చాడు. కాగితాలు రాసుకునే ముందురోజు, పెద్దల్లుణ్ణి గదా, నన్ను రమ్మని కబురు చేశారు.

నేనుండేది ఆళ్లగడ్డలో. అక్కడ చెక్కిన రాతి విగ్రహాలకు వరిగడ్డి చుట్టి, చెక్కపెట్టెల్లో బిగించి దూరాలకు పంపడం నా పని. స్కాట్లాండులో ఉండే మన డాక్టరొకాయన అక్కడి గుడికి వినాయకుణ్ణి తెప్పించుకున్నాడు. తొండం చెక్కు చెదరకుండా చేరినందుకు సంతోషించి, ఈసారి వచ్చినప్పుడు నాకొక సీసా ఇచ్చి వెళ్లాడు. మా ఇంట్లో దాన్ని తెరిచే ధైర్యం నాకు లేదు. నంద్యాలకు పోతూ సంచిలో బట్టల మధ్య పెట్టుకున్నాను. అంతకన్నా కఠినమైన ఇంటికి దాన్ని మోసుకుపోతున్నానన్న ఆలోచన బస్సు సగం దూరం పోయాకగానీ రాలేదు.

సాయంత్రం మా బావమరిదీ నేనూ మిద్దె మీది గదిలో చేరాం. వాడికీ మనసు బాగా లేదు. నాయన కూర్చునే చోట రేపటి నుంచి ఇంకెవరో కూర్చుంటారు మరి. సీసా చూడగానే మాత్రం కళ్లు వెలిగాయి. అట్టపెట్టె మీది రాతలు వాడే చదివాడు. బార్లీ గింజల్ని బురదనేలలో తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డల పొగతో కొంచెంగా ఆరబెడతారట. తీసిన సరుకును ద్రాక్షసారా నిలవ ఉంచిన పీపాల్లో ఏళ్లకేళ్లు పెడతారట. "బావా, సోడా వద్దంట. ముందు వాసన చూడల్లంట" అన్నాడు. "వాసన చూసేది మీ ఇంట్లో ఎవురికి నేర్పల్లరా?" అన్నాను. స్టీలు గ్లాసుల్లో పోసుకుని, నెయ్యంగడి అలవాటు చొప్పున చెరొక చుక్క చేతి వెనక రాసుకుని రుద్దాం. ఆహా! ఎండుద్రాక్ష, నారింజ తొక్క, అడుగున తడిసిన కందికట్టె పొయ్యిలో పెట్టినప్పటి పొగ. గుక్క వేస్తే నాలుక మీద తీపి, గొంతులో వెచ్చదనం, అది దిగిపోయాక కూడా నోట్లో ఆ పొగ. మేం ఒకరి మొహం ఒకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వాం.

అప్పుడే మెట్ల మీద మామ అడుగుల చప్పుడు. సీసా పరుపు కిందికి, గ్లాసులు కిటికీ తెర వెనక్కి పోయాయి. మామ గుమ్మంలో నిలబడి తల అటూ ఇటూ తిప్పాడు.

"ఒరే, యాడో కందికట్టె కాలతాండాది. ఎవురింట్లోరా?"

బావమరిది తడుముకోకుండా, "యాడా లేదు నాయనా. ఏ వాసనా లేదు" అన్నాడు.

మామ మొహం వాడిపోయింది. "లేదా?" అన్నాడు. "అయితే నా బ్రమలే." గోడ పట్టుకుని వెనక్కి తిరిగాడు. తానేం అన్నాడో బావమరిదికి అప్పుడు అర్థమైంది. వాడు నోరు తెరిచేలోగా నేను తెర పక్కకు లాగాను.

"ఉండాది మామా. పొగ వాసనే. ఇదో, ఈ గ్లాసులో ఉండాది."

ఏమిటని ఆయన అడగలేదు. వేలు ముంచి, చేతి వెనక రాసుకుని, రుద్ది, కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ చెయ్యి ముక్కు దగ్గర నుంచి తీయడే! "పొగ" అన్నాడు చివరికి. "దాని ఎనక ద్రాక్ష. ఎండింది." మళ్లీ పీల్చాడు. "ఏందప్పా ఇది?"

"విస్కీ మామా."

"సరుకు మంచిదే" అన్నాడు. ఆ వెంటనే వీధి వీధంతా వినబడేలా అరిచాడు. "ఏమే, బేగా రా! నా ముక్కు వచ్చింది!"

అత్త పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. గ్లాసులు చూసింది, కొడుకును చూసింది, నన్ను మరికాస్త ఎక్కువసేపు చూసింది. తర్వాత మామ మొహం చూసి ఏడుస్తూ నవ్వుతూ కిందికి పోయి ఇంగువ, కర్పూరం, నెయ్యి గిన్నె తెచ్చింది. ఇంగువ తెలియలేదు. కర్పూరమూ తెలియలేదు. నెయ్యి చేతి మీద రుద్దుకుని పీల్చాడు. "రాలేదు" అన్నాడు మామ. కానీ గొంతులో దిగులు లేదు. మళ్లీ విస్కీ గ్లాసు అందుకుని పీల్చి, "ఇది మాత్రం వస్తాండాది. ఒగటి వచ్చినాక తక్కినవి యాడికి పోతాయి?" అన్నాడు. నిలబడినవాడు నిలబడినట్టే బనగానపల్లెకు ఫోను కలిపాడు.

"అప్పా, రేపు నువ్వు రావద్దు. అంగడి ఇచ్చేది లేదు. మాట తప్పినానని తిట్టుకో, పర్వాలేదు. నా ముక్కు వచ్చింది."

నేనూ బావమరిదీ ఒకరినొకరు వాటేసుకుని గంతులేశాం. "సంబరం సరే, ఆ గిలాసలు మీరే కడగల్ల. నా అంట్లలో ఏసినారంటే చూడు" అంది అత్త.

ఆ సీసా మళ్లీ మాకు దక్కలేదు. మామ పొద్దునా సాయంత్రమూ మూత తీసి పీల్చుకునేవాడు. తాను ఒక్క చుక్క తాగలేదు, మమ్మల్ని తాగనివ్వలేదు. మెల్లగా నిమ్మకాయ వచ్చింది, కాఫీ వచ్చింది. అంగడి ముందు మురికికాలువ కంపు కొడుతోందని మామ తిట్టిన రోజు అత్త మైసూర్ పాక్ పంచింది. ఒక మధ్యాహ్నం నేను విగ్రహానికి గడ్డి చుడుతుంటే ఫోను వచ్చింది. "నెయ్యి వచ్చిందప్పా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. చేతిలో గడ్డి అట్లాగే పట్టుకుని నేను కూర్చుండిపోయాను. ఏ వాసనా రాని రోజుల్ని ఇంటిల్లిపాదీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టాం గానీ, ఆ సాయంత్రానికీ నెయ్యి వచ్చిన మధ్యాహ్నానికీ నడుమ ఎన్నాళ్లు గడిచాయంటే మాలో ఎవరూ చెప్పలేరు.