ఫేబీ కొనిచ్చిన డబ్బా

నెల్లూరు ట్రంకు రోడ్డును ఆనుకున్న సందులో రంగనాయకులుకు మందుల షాపు ఉంది. అందులో ఫేబీ తొమ్మిదేళ్లు పనిచేసింది. డాక్టర్లు చీటీ మీద గీకే గీతల్ని ఒక్క చూపులో చదివేసేది. చదువు రాని ముసలివాళ్లు వస్తే, పొద్దున వేసుకునే మాత్రల అట్ట మీద సూర్యుణ్ణీ, రాత్రి వేసుకునేదాని మీద నెలవంకనూ పెన్నుతో గీసి ఇచ్చేది. భర్త గూడూరు దారిలో లారీ కింద పడి పోయాక, కూతురు ఎవాంజెలిన్‌ను ఆ ఉద్యోగంతోనే చదివిస్తూ వచ్చింది.

ఆమె తమ్ముడు హెబ్రోను. అక్క కంటే ఎనిమిదేళ్లు చిన్న. తల్లి రెబెక్కమ్మ మైపాడు దగ్గర రొయ్యల గుంటల్లో మేత చల్లే పనికి తెల్లారకముందే వెళ్లిపోయేది కాబట్టి, వాణ్ణి లేపి, కడిగి, తినిపించి బడికి పంపింది అక్కే. వాడికి అన్నం కంటే బంతి ముఖ్యం. అలలు తడిపి పోయిన ఇసుక గట్టిగా ఉంటుందని, నీళ్ల అంచునే గంటలకొద్దీ పరిగెత్తేవాడు. నెల్లూరు మిషన్ హాస్టల్లో చేర్చినప్పుడు, ఆటల టీచరు సుభాషిణి గారు వాడి ఎడమ కాలిని చూసి ఫేబీని పిలిపించింది. "వీణ్ణి ఊరికే వదలొద్దమ్మా" అంది. ఫేబీ వదల్లేదు. చెన్నైలో ఎంపికలంటే తనే రైలెక్కించి తీసుకుపోయింది. మైదానం బయట మెట్ల మీద పెరుగన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది. మూడోసారికి తీసుకున్నారు.

తరువాత వాడు చెన్నై ఫుట్‌బాల్ లీగులో ఆడాడు. అక్కణ్ణుంచి బెంగళూరులో ఒక క్లబ్బు జీతమిచ్చి పెట్టుకుంది. గోలుకు ఎడమ వైపు కాపుకాసే ఆట వాడిది. గోల్స్ కొట్టేవాళ్లకు వచ్చే పేరు ఆ స్థానంలో ఉన్నవాడికి రాదు. అయినా ఫోనులో మ్యాచ్ వచ్చిన రోజు రెబెక్కమ్మ గుంట దగ్గరి షెడ్డులో నలుగురినీ కూర్చోబెట్టి చూపించేది. అయిపోయాక కూతురికి ఫోను చేసి గెలిచారా అని అడిగేది కాదు. "పడినాడా? దెబ్బేమన్నా తగిలిందా?" అని అడిగేది.

ఇరవై ఎనిమిదో ఏట హెబ్రోనుకు డెంగీ వచ్చింది. సెలవులకు ఇంటికి వచ్చినవాడు మూడు వారాలు మంచం మీదే ఉన్నాడు. లేచేసరికి తొమ్మిది కిలోలు తగ్గాడు. చొక్కా వేసుకుంటే మెడ దగ్గర ఎముకలు కనిపించేవి. నెల తిరక్కుండా క్లబ్బులో ప్రాక్టీసు మొదలవుతుంది. వచ్చే ఏటి ఒప్పందం ఆ నెలల ఆట మీదే ఆధారపడి ఉంది.

ఫేబీ ఆ వారం షాపులోంచి ఒక డబ్బా పట్టుకుని మైపాడు బస్సెక్కింది. పాలలో కలుపుకుని తాగే పొడి. ఒళ్లు చేయడానికి జిమ్ముకు వెళ్లే కుర్రాళ్లు కొనుక్కుపోయేది. తమ్ముడి ముందు పెట్టి, "రెండు పూటలా తాగు. నెలకంతా మనిషివవుతావు" అంది.

హెబ్రోను డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో ఏమీ లేదు గదక్కా? మాకు టెస్టులుంటాయి. తేడా వస్తే ఊరుకోరు."

"నేను చదవకుండా తెస్తానా? మూడుసార్లు చదివినాను. పాల పొడి, చక్కెర, విటమిన్లు. అంతే."

వాడు డబ్బా వెనక రాసింది ఫోనులో ఫోటో తీసి క్లబ్బు ఫిజియోకు కూడా పంపాడు. రాసినవాటిలో తప్పుపట్టేదేమీ లేదని, అయినా బయటి డబ్బాలకు ఎవరూ పూచీ ఉండరని ఆయన జవాబిచ్చాడు. అక్క మాట, ఫిజియో మాట కలిపి వాడు ధైర్యపడ్డాడు. నెల తిరిగేసరికి నిజంగానే మనిషయ్యాడు. ఫేబీ ఆ బుగ్గలు చూసి పొంగిపోయింది.

ఫిబ్రవరిలో ఒక మ్యాచ్ అయ్యాక డోపింగ్ పరీక్షలవాళ్లు ముగ్గురు ఆటగాళ్ల మూత్రం తీసుకున్నారు. అందులో హెబ్రోను ఒకడు. ఐదు వారాలకు ఉత్తరం వచ్చింది. వాడి నమూనాలో కండలు పెంచే స్టెరాయిడ్ ఉంది. ఆ రోజు నుంచే ఆడకూడదు. క్లబ్బు మైదానంలో అడుగు పెట్టకూడదు.

ఫేబీ షాపులో ఉండగా ఫోను వచ్చింది. "అక్కా, ఆ డబ్బా యాడ కొన్నావు? మీ షాపులోదేనా?" అన్నాడు వాడు. అంతవరకే వినపడింది ఆమెకు. ఎదురుగా ఉన్నాయన చీటీ చాపి నిలబడే ఉన్నాడు. ఆ చీటీలోని అక్షరాలు ఆమెకు అందలేదు.

నేరం ఒప్పుకుంటే ఒక లెక్క, ఒప్పుకోకపోతే ఒక లెక్క. మామూలుగా నాలుగేళ్ల నిషేధం. ఇరవై రోజుల్లోగా తప్పు ఒప్పేసుకుని సంతకం పెడితే మూడేళ్లు. ఆ మందు ఒంట్లోకి ఎలా వచ్చిందో రుజువులతో చూపించగలిగితే కొద్ది నెలలతోనే పోవచ్చు. దానికి మూడు కావాలని క్లబ్బు వకీలు చెప్పాడు. కొన్న బిల్లు, అదే బ్యాచులో మూత తీయని డబ్బా, కొన్న మనిషి రాసిచ్చిన వాంగ్మూలం.

మరుసటి రోజు షాపు తెరవగానే ఫేబీ యజమాని దగ్గరకు పోయింది. రంగనాయకులు చెడ్డవాడు కాడు. ఆమె భర్త పోయినప్పుడు నెల రోజులు సెలవిచ్చి జీతం ఆపని మనిషి.

"సార్, ఆ డబ్బాకు బిల్లు కావాల. మూత తియ్యనిది ఇంకోటి కావాల. ఇక్కడే కొన్నానని నేను రాసిస్తాను. మా తమ్ముడి బతుకు సార్."

ఆయన లేచి వాకిలి దాకా పోయి చూసి వచ్చాడు. తరువాత గొంతు తగ్గించాడు. "బిల్లు యాడిదమ్మా? ఎవరో మెడ్రాసు నుంచి తెచ్చి వేసిన సరుకది, అందులో రాయకుండా ఏం కలిపినారో. నువ్వు రాసిస్తే డ్రగ్ ఇన్‌స్పెక్టరు నేరుగా ఇక్కడికే వస్తాడు. లైసెన్సు పోతుంది. నాతోపాటు మీ ముగ్గురూ వీధిన పడతారు. నిన్ను పొమ్మని నేను చెప్పను ఫేబీ. నువ్వే ఆలోచించుకో."

సాయంత్రానికి అరలో ఆ డబ్బాలు ఒక్కటీ లేవు. వాటి చోట పసిపిల్లల డైపర్లు సర్ది ఉన్నాయి.

ఫేబీ ఆలోచించింది. ఎవాంజెలిన్ పదో తరగతి పరీక్షలు రాస్తోంది. తనతో పనిచేసే ఇంకో ఇద్దరు ఆడవాళ్లకూ ఇళ్లున్నాయి. వాంగ్మూలం రాసి మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. రేపు పంపుదామనుకుంది. రేపటికి మళ్లీ రేపనుకుంది. మొదటి ఐదు రోజులు హెబ్రోను రోజూ ఫోను చేసి "అడిగినావా అక్కా?" అనేవాడు. ఆమె "అడుగుతుండా" అనేది. ఆరో రోజు నుంచి వాడు ఆ మాట ఎత్తడం మానేశాడు. అన్నం తిన్నావా, ఎవాంజెలిన్ పరీక్ష ఎలా రాసింది అని అడిగి పెట్టేసేవాడు. అలా అడగకపోవడమే ఆమెకు ఎక్కువ కష్టంగా ఉండేది.

పద్దెనిమిదో రోజు ఆదివారం. గుడిలో ప్రార్థన సగంలో ఉండగా ఫేబీ లేచి బయటికి వచ్చేసి, మైపాడు బస్సెక్కింది. ఇంటికి చేరేసరికి తల్లి వాకిట్లో కూర్చుని ఉంది. కూతుర్ని చూసి రెబెక్కమ్మ తనలో తను అనుకుంటున్నట్టే అంది. "మేత మూటలో ఏం కలుపుతారో చల్లేదానికి నాకేం తెలుసు? మందు ఉండాదని పైదేశాల నుంచి రొయ్యలు వెనక్కొచ్చిన ఏడు, మమ్మల్నే నిలబెట్టి అడిగినారు. వీణ్ణీ అట్నే అడుగుతుండారు."

హెబ్రోను లోపల చాప మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. ఫేబీ వాడి పక్కన కూర్చుని సంచిలోంచి కాగితం తీసింది.

"ఇందా. షాపు పేరు, నా పేరు, తారీకు, అన్నీ రాసినాను. బిల్లు లేకపోతే పోయింది, నేనే వచ్చి చెప్తాను. ఎంత దూరమైనా వస్తాను."

వాడు కాగితం అందుకుని పూర్తిగా చదివాడు. మళ్లీ మడతల వెంటే మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"శుక్రవారం సంతకం పెట్టి పంపించేసినానక్కా. మూడేళ్లు."

"నన్నొక మాట అడక్కుండానా?"

"వద్దులే. తెలియక నేనే యాడనో కొనుక్కున్నానని రాసినా. అయిపోయింది."

ఫేబీ వాడి భుజం మీద రెండు చేతులూ వేసి కొట్టింది. కొట్టి కొట్టి అలిసి, అక్కడే తలపెట్టి ఏడ్చింది. వాడు ఏడవలేదు. చిన్నప్పుడు తనను ఆమె జోకొట్టినట్టు ఆమె వీపు మీద చెయ్యేసి తడుతూ కూర్చున్నాడు.

సోమవారం ఆమె షాపుకు పోయి తాళాల గుత్తి రంగనాయకులు ముందు పెట్టింది. ఆయన కంగారుపడి "నేనేమన్నా అన్నానా అమ్మా?" అన్నాడు. ఏమీ అనలేదంది. ఏ ఉద్యోగం కోసం నోరు మూసుకుందో, ఆ ఉద్యోగం వదిలేసి సందు దాటింది. ఆ వాంగ్మూలాన్ని కూడా డోపింగ్ పరీక్షలవాళ్లకు పోస్టులో వేసింది. ఆటగాడే ఒప్పుకున్నాడు కనుక ఈ విషయం ముగిసిందని నెలన్నరకు రెండు వాక్యాల జవాబు వచ్చింది.

క్లబ్బు ఒప్పందం రద్దు చేసింది. ఊళ్లో స్టెరాయిడ్ అంటే ఎవరికి తెలుసు? "మత్తుమందు తీసుకుని దొరికినాడంట" అన్నారు. అల్లూరు వైపు మాటలు నడుస్తున్న సంబంధం వాళ్లు మళ్లీ కబురు పెట్టలేదు. హాస్టలు పిల్లలకు ఆట నేర్పుదామని హెబ్రోను ఒక సాయంత్రం పాత బడికి పోయాడు. సుభాషిణి టీచరు గేటు దాకా ఎదురొచ్చింది. బడి జట్టు జిల్లా సంఘం కింద నమోదై ఉంది, నిషేధంలో ఉన్నవాడు శిక్షణ ఇస్తే పిల్లల్ని పోటీల్లోంచి తీసేస్తారు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ఆమె గేటు కమ్మీని పట్టుకుని నిలబడింది. "తెలుసు మేడమ్. ఊరికే మిమ్మల్ని చూసి పోదామని వచ్చినా" అని వాడు వెనక్కి తిరిగాడు.

కావలి దగ్గర జువ్వలదిన్నె రేవులో వాడికి బోట్లకు ఐసు ఎత్తే పని దొరికింది. ఫేబీ రొయ్యల కంపెనీలో పొట్టు తీసే పనికి కుదిరింది. అక్క చేతులూ తమ్ముడి చేతులూ ఒకే తీరున, చలికి పగిలి ఎర్రబడి ఉండేవి.

మూడేళ్లూ గడిచాయి. నిషేధం తీరిందని మెయిలు వచ్చినప్పుడు హెబ్రోనుకు ముప్పై ఒకటి. పాత క్లబ్బులో ఫోను ఎత్తినవాళ్లు లేరు. చెన్నైలో ఒక చిన్న జట్టు రమ్మంటే పోయాడు. అరగంట ఆడించి, చెప్పి పంపుతామన్నారు. చెప్పి పంపలేదు. తప్పు వాళ్లది కాదు. పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లు పక్కనుంచి దూసుకుపోతుంటే తను ఎంత వెనకబడ్డాడో వాడికే తెలిసింది.

ఆ మాట చెప్పడానికే ఒక మధ్యాహ్నం నెల్లూరులో అక్క ఇంటికి వచ్చాడు. ఫేబీ కంపెనీ నుంచి వచ్చి, గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చుంది. అంతా విని, మూడేళ్లుగా దాచుకున్నది బయటపెట్టింది.

"ఒరే హెబ్రోనూ, ఆ కాగితం నేను రెండో రోజే రాసినాను. పద్దెనిమిదో రోజు దాకా సంచిలో పెట్టుకుని తిరిగినాను. భయపడినాను. అది నీకు తెలుసునా?"

"తెలుసు."

"మరి ఒక్కసారన్నా తిట్టలేదే?"

హెబ్రోను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "నువ్వు ఎప్పుడు ఆ కాగితం తీసుకుని వచ్చేస్తావో అని భయపడినాను నేను. ఎవాంజెలిన్ పరీక్షలు. నీకు ఇంకో ఆధారం లేదు. బిల్లు లేకుండా నువ్వు చెప్తే వాళ్లు నమ్ముతారో లేదో. నువ్వు వచ్చేలోపల సంతకం పెట్టాలని నేనే తొందరపడినా. నువ్వు ఆలస్యం చేసినావని కాదు."

ఫేబీ వాడి ముఖంలోకి చూసింది. అన్నం తినిపించేటప్పుడు, బంతి యాడ దాచినావురా అని గద్దించినప్పుడు, వాడి అబద్ధం కళ్లలోనే పట్టుకునేది ఆమె. ఇప్పుడు ఎంత చూసినా ఏమీ దొరకలేదు. నిజమే చెప్పాడో, అక్క మనసు కుదుటపడాలని ఆ మాట అల్లుకుని వచ్చాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు. అడగనూ లేదు.

నీళ్లు చల్లబడ్డాయి. హెబ్రోను లేచి గిన్నె తీసి పారబోసి, తువ్వాలు అందించాడు. మూడున్నరకు కావలి బస్సుందని, సాయంత్రం బోట్లు కట్టేలోపు రేవులో ఉండాలని చెప్పి చెప్పులు వేసుకున్నాడు. ఫేబీ వాడితోపాటు వీధి మలుపు దాకా నడిచింది.