మగ్గం చప్పుడు ఆగితే

మా మనుమరాలు శ్రావ్య నిన్న ఫోన్‌ల మూడు ఆటలు చూపించి, "అవ్వా, ఏది ఆడాల్నో నువ్వే చెప్పు" అన్నది. ఒకదాంట్ల రాణి వేషమట, ఒకదాంట్ల మంత్రగత్తె, ఇంకోదాంట్ల కత్తి పట్టిన పిల్ల.

"నీతోని ఇంకెవరెవరు ఆడుతరు బిడ్డా?"

"ఎవరెవరో వేలమంది. పేర్లు గూడ అసలుయి గావు."

"మరి వాళ్లు ఎవరి పిల్లలో ఎట్ల ఎరుకైతది?"

"ఆట చెప్పమంటే పెండ్లిచూపుల లెక్క అడుగుతవేంది" అని నవ్వింది.

మగ్గాలిండ్లల్ల పెరిగిన నా ఈడోళ్లకు యాదికుందా? మనం గూడ వేషాలేసినం. గంజి వాసనొచ్చే కొత్తగుడ్డ కప్పుకొని నేను రాణినయ్యేదాన్ని. ఏ ఆటైనా మగ్గం నేసే అమ్మకు ఇనవడేటంత దూరంలనే ఆడేటోళ్లం. అమ్మ పిలిచేది గాదు. మగ్గం చప్పుడు ఆగిందంటే అమ్మ మాదిక్కు చూస్తాందని ఎరుకై, ఎక్కడోళ్లం అక్కడ్నే ఆగేటోళ్లం.

ఆఖరుకు రాణి ఆటనే చెప్పిన. ఇప్పుడు శ్రావ్య చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఆడుతాంది. నేను చిక్కుడుకాయలు తుంచుడు ఆపి దానిదిక్కే చూస్తున్న. నేను ఆపింది దానికి తెలుస్తలేదు.